ఔషధ పుట్టగొడుగులు: రోగికి ఎంత మేలు, రైతుకి ఎంత లాభం?

ఈ మధ్య ఊళ్లలో రైతు సమావేశాలకి వెళితే వరి, పత్తి గురించి అడిగే ప్రశ్నలతో పాటు కొత్త ప్రశ్న ఒకటి వస్తోంది. "సార్, కార్డిసెప్స్ పుట్టగొడుగులు పెంచితే కిలో లక్ష రూపాయలకి కొంటారట, నిజమేనా?" ఫోన్లలో తిరుగుతున్న వీడియోల వరస ఒకటే. ముందు షుగరు, బీపీ, కీళ్ల నొప్పులు, ఆఖరికి క్యాన్సర్‌కి కూడా ఇదే మందు అంటారు. తర్వాత ఇంట్లో చిన్న గది ఉంటే చాలంటారు. చివర్లో శిక్షణ ఫీజు, విత్తనం ధర, పంటని తిరిగి కొంటామనే ఒప్పందం బయటికొస్తాయి. ఆ ధరని మనం నమ్మేది మందు మాటని చూసే. కాబట్టి ముందు ఆ మాట సంగతి చూద్దాం.

పుట్టగొడుగుల్లో మందు గుణం లేదనడం తప్పు. వాటిలో ఉండే బీటా గ్లూకాన్లు అనే పీచు పదార్థాల మీద జపాన్, చైనా దేశాల్లో చాలా కాలంగా పరిశోధన జరిగింది. ఒక రకం పుట్టగొడుగు నుంచి తీసిన క్రెస్టిన్ అనే మందుకి జపాన్ 1977లో అనుమతి ఇచ్చింది. అయితే దాన్ని వాడింది క్యాన్సర్ చికిత్సకి తోడుగా, డాక్టర్ల పర్యవేక్షణలో. చికిత్స మానేసి దాన్ని మింగమని ఎవరూ చెప్పలేదు.

గానోడెర్మా, అంటే రీషీ అని అమ్మే గట్టి పుట్టగొడుగు విషయమూ అంతే. వైద్య పరిశోధనలన్నిటినీ ఒకచోట చేర్చి తూకం వేసే కాక్రేన్ సంస్థ 2016లో దీన్ని పరిశీలించింది. క్యాన్సర్‌కి మొదటి మందుగా వాడటానికి తగిన ఆధారాలు లేవని, మామూలు చికిత్సకి తోడుగా వాడితే కొంత ఉపయోగం ఉండవచ్చని చెప్పింది. అంతకు ముందు ఏడాది అదే సంస్థ, షుగరు ఉన్నవారిలో గుండె జబ్బు ముప్పు తగ్గించడానికి గానోడెర్మా వాడకాన్ని సమర్థించే ఆధారం లేదని తేల్చింది. మన ఊళ్లలో ఈ పొడులు ఎక్కువగా అమ్ముతున్నది షుగరు ఉన్నవారికే. కార్డిసెప్స్ మీద మనుషుల్లో జరిగినవి చాలావరకు చిన్న చిన్న పరీక్షలు. ఇంట్లో ఎవరైనా రక్తం పలచబడే మందులు, షుగరు మందులు వాడుతుంటే డాక్టరుని అడగకుండా ఈ పొడులు ఇవ్వకండి. ఉన్న మందులు ఆపడం అంతకన్నా ప్రమాదం.

ఇక్కడే ఇంకో తికమక ఉంది. లక్షల ధర పలికేది హిమాలయాల్లో, ఉత్తరాఖండ్ లాంటి చోట్ల, మంచు కరిగాక కొండల మీద ఏరే కీడా జడీ. అది గొంగళిపురుగు మీద పెరిగే అడవి రకం. మనకి విత్తనం అమ్మేది కార్డిసెప్స్ మిలిటారిస్ అనే వేరే రకం. అందులో కార్డిసెపిన్ అనే పదార్థం ఉంటుంది, అది మంచి రకమే. కానీ ఒకదాని ధర చూపించి ఇంకొకటి అమ్ముతున్నారు.

పెంచడం కూడా "చిన్న గది" మాట కాదు. ముడి బియ్యాన్ని సీసాల్లో నింపి ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల దగ్గర శుద్ధి చేయాలి. గాలిలోని క్రిములు పడకుండా విత్తనం వేయాలి. ఆ తర్వాత సుమారు రెండు నెలలు 18 నుంచి 22 డిగ్రీల వేడి దాటకుండా చూడాలి. మే నెలలో రెంటచింతలలోనో, రామగుండంలోనో రాత్రీ పగలూ ఏసీ నడపాలంటే కరెంటు బిల్లు ఎంతవుతుందో, కరెంటు పోతే జనరేటరుకి డీజిల్ ఎంతవుతుందో ముందు లెక్క వేసుకోండి. పచ్చబూజు ఒక్కసారి పడితే ఆ బ్యాచ్ మొత్తం పారబోయడమే.

తిరిగి కొనే ఒప్పందాలు మనకి కొత్త కాదు. ఈము పక్షుల సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. మాంసానికి, నూనెకి మార్కెట్ నిలబడలేదు. కొత్తగా చేరేవాళ్లకి పిల్లలు అమ్మడమే వ్యాపారంగా నడిచింది. చేరేవాళ్లు తగ్గగానే రైతు దొడ్లో మేత తినే పక్షులు మిగిలాయి. పుట్టగొడుగుల ఒప్పందాన్నీ ఆ కళ్లతోనే చూడండి. కంపెనీ ఆదాయం పంట అమ్మడం మీద వస్తోందా, మీకు విత్తనం, సామాను, శిక్షణ అమ్మడం మీద వస్తోందా? "నాణ్యత ఉంటేనే కొంటాం" అని రాస్తే, ఆ నాణ్యతని ఏ ల్యాబ్ తేలుస్తుంది, ఫీజు ఎవరిది? రెండేళ్లుగా వాళ్లకి పంట ఇస్తున్న రైతులతో, కంపెనీ మనిషి పక్కన లేకుండా మాట్లాడండి. బ్యాంకులో డబ్బు పడిన లెక్క చూపించమనండి. నా మటుకు నేను మీకు ఏదీ అమ్మకుండా పంట మాత్రమే కొనే వ్యాపారినే నమ్ముతాను.

కోనసీమ, ఉద్దానం కొబ్బరి రైతులకి ఒక మాట. మీ తోటల్లో చెట్టు మొదలు కుళ్లి, కాండం నుంచి ఎర్రటి బంక కారే తెగులు ఉంది కదా, దానికి కారణం గానోడెర్మా జాతి శిలీంధ్రమే. కాబట్టి తోటలో గానోడెర్మా పెంచకండి, వాడేసిన బ్యాగులు చెట్ల మొదట్లో వేయకండి. జబ్బు చెట్టు మీద మొలిచిన గట్టి గొడుగుని మందని కోసి అమ్మడం, పొడి చేసుకుని తాగడం కూడా వద్దు.

మరి చిన్న రైతుకి దారి ఏది? ఆరోగ్యానికి ఆధారం గట్టిగా ఉన్నది మామూలు తినే పుట్టగొడుగులకే, అదీ మందుగా కాదు, ఆహారంగా. ఎండు బరువులో మాంసకృత్తులు సుమారు 20 నుంచి 30 శాతం ఉంటాయి. కొవ్వు, ఉప్పు తక్కువ, పీచు ఎక్కువ. ముక్కలు కోసి మధ్యాహ్నపు ఎండలో పావుగంట నుంచి అరగంట ఉంచితే విటమిన్ డి తయారవుతుంది. కొనేవాళ్లకి ఈ సంగతి చెప్పండి, ఇది రుజువైన మాట. చలికాలంలో ముత్యపు చిప్ప రకం, ఎండలు ముదిరాక 30 నుంచి 35 డిగ్రీలు తట్టుకునే పాల పుట్టగొడుగు పెంచుకోవచ్చు. పెట్టుబడి ఎక్కువగా వరిగడ్డి, పాలిథీన్ సంచులు, విత్తనమే. జాగ్రత్తగా చేస్తే కిలో ఎండుగడ్డికి అర కిలో నుంచి కిలో వరకు ముత్యపు చిప్ప దిగుబడి వస్తుంది. పది బ్యాగులతో మొదలుపెట్టి, రోజూ కొనే ఇళ్లు, హోటళ్లు దొరికాకే పెంచండి. కోసిన పుట్టగొడుగు రెండో రోజుకే వాడిపోతుంది. శిక్షణకి మీ దగ్గరి కృషి విజ్ఞాన కేంద్రాన్ని అడగండి. విత్తనం బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థలో దొరుకుతుంది.

అమ్మేటప్పుడు ప్యాకెట్ మీద "షుగరు తగ్గుతుంది", "క్యాన్సర్ రాదు" అని రాయకండి. 1954 నాటి మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారం అలాంటి ప్రకటన నేరం. ఆహార భద్రత చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రకటనకి 10 లక్షల వరకు జరిమానా ఉంది. కంపెనీ అచ్చువేసి ఇచ్చిన స్టిక్కరు అంటించినా, అమ్మింది మీరు కాబట్టి అడిగేది మిమ్మల్నే. పొడి చేసి క్యాప్సూళ్లలో నింపితే అది మామూలు ఆహారం లెక్కలోకి రాదు, వేరే లైసెన్సు కావాలి.

ఒక్కటి మాత్రం గది మొదలుపెట్టిన రోజు నుంచే పాటించండి. ముత్యపు చిప్ప గదిలో పొడిలా రాలే బీజాలు ఊపిరితిత్తుల్లోకి వెళితే దగ్గు, ఆయాసం, జ్వరం వస్తాయి. కోతకి వెళ్లే ఆడవాళ్లకి మాస్కు ఇవ్వండి, గొడుగు అంచులు పూర్తిగా విప్పుకోకముందే కోయండి, గదిలోకి వెళ్లే ముందు కాసేపు తలుపులు తీసి గాలి ఆడనివ్వండి.