లాభం సరే, నగదు ఏదీ?

మన దేశంలో షేర్ మార్కెట్ గడప తొక్కుతున్న వారి సంఖ్య మునుపెన్నడూ లేనంతగా పెరిగింది. 2020 మార్చి నాటికి సుమారు 4 కోట్లున్న డీమ్యాట్ ఖాతాలు 2024 మార్చి నాటికి 15 కోట్లు దాటిపోయాయి. బ్యాంకులో వేసుకోవలసిన పొదుపును తొలిసారిగా షేర్లలో పెట్టిన మధ్యతరగతి కుటుంబాలు ఇందులో ఎన్నో ఉన్నాయి. వీరి చెవిన తరచుగా పడే సలహా టెక్నాలజీ షేర్ల గురించినది. ‘ఫండమెంటల్స్ బలంగా ఉన్నాయి’ అన్న ఒక్క మాటతో ఆ సలహా ముగుస్తుంది. ఆ మాటకు అర్థమేమిటో విడమరచి చెప్పేవారు తక్కువ, అడిగేవారు మరీ తక్కువ.

నిజానికి ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. ఒక ఇంటినో, పొలాన్నో కొనేవాడు దాని మీద ఏటా ఎంత రాబడి వస్తుందో, దాని మీద అప్పులేమైనా ఉన్నాయో, చెబుతున్న ధర ఆ రాబడికి తగినదో కాదో చూసుకుంటాడు. షేరు అంటే కంపెనీలో ఒక ముక్క. కాబట్టి అడగవలసిన ప్రశ్నలూ అవే. అమెరికాకు చెందిన బెంజమిన్ గ్రాహం ఈ ప్రశ్నలకు అంకెల రూపం ఇచ్చాడు. జాగ్రత్తపరుడైన మదుపరి గడచిన మూడేళ్ళ సగటు లాభానికి 15 రెట్లకు మించి, పుస్తక విలువకు ఒకటిన్నర రెట్లకు మించి ధర పెట్టరాదన్నాడు. పదేళ్ళపాటు ఏ ఒక్క ఏడూ నష్టం లేకుండా నడిచి ఉండాలనీ, స్వల్పకాలిక అప్పులకు రెట్టింపు చర ఆస్తులు ఉండాలనీ, డివిడెండు క్రమం తప్పకుండా చెల్లించి ఉండాలనీ చెప్పాడు.

ఈ కొలతలు ఉక్కు కర్మాగారానికి సరిపోయినంత సులువుగా సాఫ్ట్‌వేర్ కంపెనీకి సరిపోవు. కర్మాగారానికి యంత్రాలుంటాయి, భూమి ఉంటుంది. సాఫ్ట్‌వేర్ కంపెనీ ఆస్తి దాని ఉద్యోగులు. వారి విలువ ఆస్తి అప్పుల పట్టీలో ఏ గడిలోనూ కనిపించదు. అందుచేత పుస్తక విలువ కొలతతో చూస్తే మంచి సాఫ్ట్‌వేర్ కంపెనీ కూడా ఎప్పుడూ ఖరీదుగానే కనిపిస్తుంది. ఈ ఒక్క కొలతను సడలించవలసిందే. అయితే ఒక కొలత సరిపోలేదు గనుక అన్ని కొలతలనూ అవతల పారేయవచ్చునన్న వాదన 1999లో బయలుదేరింది. దాని ఫలితం ఏమిటో ఇన్ఫోసిస్ షేరు చరిత్రే చెబుతుంది.

ఇన్ఫోసిస్ మంచి కంపెనీ కాదని ఎవరూ అనరు. 1981లో 10 వేల రూపాయల పెట్టుబడితో మొదలై, 1993లో ఒక్కో షేరు 95 రూపాయల చొప్పున ప్రజలకు అమ్మజూపినప్పుడు వచ్చిన స్పందన అంతంత మాత్రం. 1999 మార్చిలో అమెరికాలోని నాస్‌డాక్‌లో నమోదై, ఆ ఘనత సాధించిన తొలి భారతీయ కంపెనీ అయింది. 1999–2000 సంవత్సరంలో దాని నికర లాభం సుమారు 293 కోట్ల రూపాయలు. 2000 మార్చి 31న దాని మొత్తం షేర్ల మార్కెట్ విలువ 59 వేల కోట్ల పైచిలుకు. అంటే లాభానికి 200 రెట్లు. నికర విలువ చూస్తే 830 కోట్ల పైచిలుకు మాత్రమే. పుస్తక విలువకు 70 రెట్ల ధర పలికిందన్నమాట.

ఆ తరవాతి ఏడాదిలో కంపెనీ మాట తప్పలేదు. లాభం రెట్టింపుకు మించి 628 కోట్లకు చేరింది. కానీ 2001 మార్చి నెలాఖరుకు మార్కెట్ విలువ 27 వేల కోట్లకు దిగివచ్చింది. లాభం రెట్టింపైన ఏడాదిలోనే వాటాదారుడి సొమ్ము సగానికి పైగా కరిగిపోయింది. 2005 మార్చి నాటికి లాభం 1,900 కోట్ల ప్రాంతానికి, అంటే ఆరు రెట్లకు పైగా పెరిగింది. మార్కెట్ విలువ ఎంత? 61 వేల కోట్లు. ఐదేళ్ళ క్రితం ఉన్నచోటికే అప్పటికి వచ్చింది. మధ్యలో అందిన కొద్దిపాటి డివిడెండ్లను మినహాయిస్తే 2000 మార్చి నెలాఖరులో కొన్నవారికి ఐదేళ్ళూ మిగిలింది అసలే. ఆ నెల మొదట్లో, శిఖరాన ఉన్న ధరకు కొన్నవారు ఇంకా ఎక్కువ కాలం వేచి ఉండవలసి వచ్చింది. కంపెనీ ఎదగదేమోనన్న అనుమానం ఉన్నవారు నష్టపోలేదు. ఎదుగుతుందని సరిగ్గానే నమ్మి, ఆ ఎదుగుదల ధరను ముందుగానే చెల్లించినవారు నష్టపోయారు.

ఇన్ఫోసిస్ కథ ఇంకా నయం. అక్కడ కంపెనీ నిలిచింది, లెక్కలు నిలిచాయి. ఆ రోజుల్లో పేరు చివర ‘సాఫ్ట్‌వేర్’ అనో, ‘ఇన్ఫో’ అనో తగిలించుకుని ధరలు పెంచుకున్న కంపెనీల కాగితాలు ఇప్పటికీ కొన్ని ఇళ్ళ బీరువాల్లో ఇనుప పెట్టెల అడుగున ఉన్నాయి. వాటి గురించి చెప్పుకోవలసింది పెద్దగా లేదు.

చెప్పుకోవలసింది హైదరాబాదు కంపెనీ అయిన సత్యం కంప్యూటర్ సర్వీసెస్ గురించి. ఎందుకంటే అది గ్రాహం కొలతలకే పెట్టిన పరీక్ష. తెలుగునాట కొన్ని వేల కుటుంబాలకు ఆ పేరు ఉద్యోగం, గౌరవం, అమెరికా ప్రయాణం. 1987లో పుట్టిన ఆ కంపెనీలో 2008 నాటికి 50 వేలకు పైగా ఉద్యోగులున్నారు. 2007–08లో అది చూపిన నికర లాభం 1,680 కోట్ల పైచిలుకు. 2009 జనవరి 6న షేరు ధర సుమారు 179 రూపాయలు. ఆ లెక్కన కంపెనీ మొత్తం ధర 12 వేల కోట్లు. లాభానికి ఏడు రెట్లు మాత్రమే! చెప్పుకోదగ్గ అప్పు లేదు. చేతిలో 5 వేల కోట్లకు పైగా నగదు ఉన్నట్లు పట్టీలో ఉంది. న్యూయార్క్ ఎక్స్ఛేంజిలో కూడా నమోదైన కంపెనీ, పేరున్న ఆడిటర్లు. ఏ పాఠ్య పుస్తకం ప్రకారం చూసినా ఇంతకన్నా చవకైన, భద్రమైన టెక్నాలజీ షేరు దొరకదు.

మరునాడు, అంటే జనవరి 7న, ఛైర్మన్ రామలింగరాజు రాసిన లేఖ వెలువడింది. పట్టీలో చూపిన 5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వలలో 5,040 కోట్లు లేనే లేవు. దాని మీద రావలసిన వడ్డీగా చూపిన 376 కోట్లూ లేవు. 1,230 కోట్ల అప్పును లెక్కల్లో చూపలేదు. 2008 సెప్టెంబరుతో ముగిసిన త్రైమాసికంలో 2,700 కోట్ల ఆదాయం చూపగా అసలు వచ్చింది 2,112 కోట్లు. నిర్వహణ లాభం 649 కోట్లని చూపగా అసలు ఉన్నది 61 కోట్లు. ఆదాయంలో 24 శాతం అనుకున్న లాభం 3 శాతం అని తేలింది. షేరు ఆ ఒక్క రోజులోనే 40 రూపాయల దిగువకు పడిపోయింది. 2015 ఏప్రిల్‌లో ప్రత్యేక న్యాయస్థానం రాజును, మరికొందరిని దోషులుగా నిర్ధారించింది. అప్పీలు మీద శిక్ష అమలు నిలిచింది. ఈ వ్యాసానికి కావలసింది ఆ కేసు కాదు. చిన్న మదుపరి ముందుగా పసిగట్టగలిగేవాడా అన్నది ప్రశ్న.

పట్టీలోని అంకెలతోనే పసిగట్టగలిగేవాడని చెప్పడం గొప్పలకు పోవడమే అవుతుంది. సాధారణంగా చెప్పే పరీక్షలను వరసగా పెట్టి చూడండి. లాభం నగదుగా మారుతున్నదా అని చూడమంటారు. సత్యం పట్టీలో నగదు పుష్కలంగా ఉంది, కాకపోతే బోగస్. నగదు మీద వడ్డీ వస్తున్నదా అని చూడమంటారు. వడ్డీని కూడా బోగస్‌గానే రాసుకున్నారు. ఖాతాదారుల నుంచి రావలసిన బకాయిలు పేరుకుపోతున్నాయా అని చూడమంటారు. త్రైమాసిక ఆదాయం 2,700 కోట్లకు బకాయిలు 2,651 కోట్లు, అంటే సుమారు మూడు నెలల అమ్మకం. కాస్త ఎక్కువే గాని, ఈ వ్యాపారంలో కనీవినీ ఎరుగనిదేమీ కాదు. ఒక అబద్ధానికి మరో అబద్ధం సాక్ష్యం చెప్పే విధంగా లెక్కలు అల్లినప్పుడు ఆ లెక్కలతోనే దానిని పట్టుకోవడం ఆడిటర్లకే చేతకాలేదు.

అయితే పట్టీ వెలుపల కొన్ని సంగతులున్నాయి. 2001లో సత్యం ప్రమోటర్ల వాటా 25 శాతం పైచిలుకు. 2008 నాటికి అది 9 శాతం కన్నా తక్కువకు దిగింది. అప్పు లేని, చేతినిండా నగదున్న, ఏటా లాభం పెరుగుతున్న కంపెనీని దాని యజమానులే ఎందుకు వదిలించుకుంటున్నారు? ఇది ప్రతి మూడు నెలలకూ ఎక్స్ఛేంజికి సమర్పించే వాటాల పట్టికలో ఎవరైనా చూడగలిగిన సంగతి. రెండవది, 2008 డిసెంబరు 16న ఆ కంపెనీ తన నగదుతో రాజు కుటుంబానికే చెందిన మేటాస్ ప్రాపర్టీస్‌నూ, మేటాస్ ఇన్‌ఫ్రాలో వాటానూ కొనాలని నిర్ణయించింది. మొత్తం 160 కోట్ల డాలర్లు. వాటాదారులు గగ్గోలు పెట్టగా కొన్ని గంటల్లోనే ఆ నిర్ణయం వెనక్కి పోయింది. సాఫ్ట్‌వేర్ కంపెనీకి భూములెందుకు అన్న ప్రశ్నకు ఆర్థికశాస్త్రం చదవనక్కరలేదు. ఆ మరునాడు షేరు పడిపోయినప్పుడు ‘చవకగా దొరుకుతున్నది’ అని కొన్నవారు పి.ఇ. నిష్పత్తిని చూశారు గాని ఈ ప్రశ్నను చూడలేదు.

కాబట్టి టెక్నాలజీ షేరును తూచే ముందు నేను అన్నింటికన్నా ఎక్కువ బరువు ఇచ్చేది, వాటాదారుడి చేతికి నిజంగా వచ్చిన నగదుకు. లాభం ఒక అభిప్రాయం. ఏ ఖర్చును ఏ ఏడాదిలో వేయాలి, ఏ ఆదాయాన్ని ఎప్పుడు గుర్తించాలి అన్న నిర్ణయాల మీద అది ఆధారపడుతుంది. డివిడెండు, షేర్ల బైబ్యాక్ అలా కాదు. 2017లో టి.సి.ఎస్. 16 వేల కోట్లకు, ఇన్ఫోసిస్ 13 వేల కోట్లకు తమ షేర్లను తామే తిరిగి కొన్నాయి. ఆ సొమ్ము మదుపరుల బ్యాంకు ఖాతాల్లో పడింది. లేని నగదుతో అంత పని జరగదు. పదేళ్ళ నికర లాభాన్ని ఒకవైపు కూడి, అదే పదేళ్ళలో డివిడెండుగా, బైబ్యాక్‌గా బయటికి వచ్చిన దానిని మరోవైపు కూడితే కంపెనీ స్వభావం తెలుస్తుంది. వేగంగా ఎదుగుతున్న కంపెనీ డబ్బు పంచకపోవడం తప్పు కాదు. కానీ పంచకుండా, వ్యాపారంలో పెట్టకుండా, ఏళ్ళ తరబడి బ్యాంకులో కుప్పపోశామని చెప్పే కంపెనీని ఎందుకని అడగాలి.

ఈ కాలపు కొత్తతరం కంపెనీల విషయంలో ఇంకొక చిక్కు ఉంది. ఉద్యోగులకు జీతంలో భాగంగా షేర్లు ఇచ్చి, ఆ ఖర్చును మినహాయించి ‘సవరించిన లాభం’ అని ఒక అంకె ప్రకటిస్తున్నాయి. జీతం ఖర్చు కాకపోతే మరేది ఖర్చు? ఆ షేర్లు జారీ అయిన ప్రతిసారీ పాత వాటాదారుడి ముక్క చిన్నదవుతున్నది. పేటీఎం మాతృసంస్థ 2021 నవంబరులో 18,300 కోట్ల ఇష్యూకు వచ్చినప్పుడు షేరు ధర 2,150 రూపాయలు. అంతకు ముందటి ఏడాది నష్టం 1,700 కోట్లు. నమోదైన తొలి రోజునే షేరు 27 శాతం పడింది. నష్టాల కంపెనీకి పి.ఇ. లెక్క ఉండదు గనుక ఎంత ధరైనా సరైనదే అన్నట్లు సాగింది ఆ ఇష్యూ ప్రచారం.

దీనికి ఎదురు ఉదాహరణ ఒకటుంది, దానిని దాచడం న్యాయం కాదు. అదే ఏడాది జులైలో జొమాటో 76 రూపాయలకు షేర్లు అమ్మింది. అదీ నష్టాల్లోనే ఉంది. ఏడాది తిరిగేసరికి షేరు 40 రూపాయల ప్రాంతానికి దిగింది. కానీ 2023–24లో ఆ కంపెనీ 351 కోట్ల లాభం చూపింది. 2024 చివరలో షేరు 250 దాటింది. 2025లో పేరు కూడా ఎటర్నల్‌గా మారింది. గ్రాహం కొలతలు పట్టుకు కూర్చున్నవాడు ఈ షేరును ముట్టుకునేవాడు కాదు, ఆ లాభం అతడికి దక్కేదీ కాదు. జాగ్రత్తకు చెల్లించే రుసుము అది. పిల్లల చదువుకో, ఇంటి గోడకో దాచిన సొమ్మయితే ఆ రుసుము చెల్లించడమే మేలని నా అభిప్రాయం. పోయినా ఇల్లు గడుస్తుందనుకునే సొమ్మయితే ఎవరి ఇష్టం వారిది.

సత్యం ఉదంతం తరవాత, 2009 జనవరిలోనే, ప్రమోటర్లు కుదువ పెట్టిన షేర్ల వివరాలు వెల్లడించడాన్ని సెబీ తప్పనిసరి చేసింది. అప్పటి మదుపరికి లేని ఆ పట్టిక ఇప్పుడు ఎక్స్ఛేంజిల్లో ఉచితంగా దొరుకుతుంది. వార్షిక నివేదికలూ దొరుకుతాయి. ఛైర్మన్ సందేశమూ, రంగుల బొమ్మలూ ఉన్న మొదటి పేజీలను తిప్పేసి, నగదు ప్రవాహ పట్టిక దగ్గరా, సంబంధిత పక్షాలతో లావాదేవీలు అన్న శీర్షిక దగ్గరా ఆగాలి. కంపెనీ డబ్బు యజమానుల బంధువుల సంస్థలకు వెళుతుంటే ఆ శీర్షిక కింద, సాధారణంగా చాలా చిన్న అక్షరాల్లో, రాసి ఉంటుంది.