పాయింట్ల గది, కుటుంబ వసతి



లాయల్టీ పాయింట్లను, అనగా తరచు బసచేసే అతిథుల ఖాతాలో హోటల్ సంస్థలు జమకట్టే ప్రోత్సాహకాలను, హైదరాబాద్‌లోని అత్యంత ఖరీదైన గదికే దాచుకోవాలన్న గత సంచిక వ్యాసకర్త సలహా ఒంటరి ప్రయాణికునికి నప్పవచ్చు గాని, పిల్లలతో బయలుదేరే బచ్చన్నపేట కుటుంబానికి నప్పదు. పాయింటు విలువ అంటే పన్నుతో కలిపిన గది అద్దెను అడిగిన పాయింట్లతో భాగించగా వచ్చేది. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు రూ.7,500 వరకు గల గదిపై జీఎస్టీ 5 శాతం, అంతకు మించితే 18 శాతం కనుక, ఖరీదైన గదిలో ఆ విలువ ఘనంగా కనిపించడం సహజమే. అకార్ సంస్థలో 2,000 పాయింట్లకు 40 యూరోల తగ్గింపు స్థిరం కాగా, మారియట్‌లో గదికి అడిగే పాయింట్లు తేదీని బట్టి మారతాయి. వ్యాసం ఈ రెంటినీ ఒకే గాటన కట్టింది.

అసలు చిక్కు మరొకటి. పాయింట్ల గది సాధారణంగా ఇద్దరు పెద్దలను లెక్కించి ఇచ్చేది కాబట్టి, అదనపు పరుపుకూ ఉదయపు టిఫినుకూ (పిల్లల ఆకలికి పాయింట్లతో పనిలేదు) నగదు చెల్లించవలసి రావచ్చు. పైగా జనగామలో రైలెక్కి సికింద్రాబాద్‌లో దిగి, చార్మినార్, సాలార్‌జంగ్ మ్యూజియం చూడదలచినవారికి హైటెక్ సిటీ కంటే బేగంపేట వసతే దగ్గర. గదిలో ఎందరికి అనుమతి ఉన్నదో రిజర్వేషన్‌కు ముందే హోటల్ నుంచి లిఖితపూర్వకంగా తీసుకోవాలన్న ముఖ్యమైన సూచన ఆ వ్యాసంలో లేకపోవడం లోపమే.

— ఒక పాఠకుడు, బచ్చన్నపేట, జనగామ జిల్లా