రక్తపోటు : కొలిచిననే తెలియును

మన కర్షక సోదరులు పైరు చెడకమునుపే ఆకు త్రిప్పి తెగులును వెదకుదురు. చెరువుకట్టపై చెమ్మ కనబడిననాడే మట్టి పోయుదురు. తమ దేహమును మాత్రము నొప్పి పుట్టువరకు పరీక్షింపరు. నొప్పి పుట్టని రోగముల విషయమున ఈ యలవాటు ప్రాణాంతకము. అట్టివానిలో అధిక రక్తపోటు ముఖ్యమైనది. దీనినే జనులు బి.పి. యందురు.

గుండె ముడుచుకొని రక్తమును నెట్టునప్పుడు ధమనులలో కలుగు ఒత్తిడిని పైయంకెయు, గుండె సడలినప్పటి ఒత్తిడిని క్రిందియంకెయు తెలుపును. అవి 120, 80 లకు లోపల నుండుట మేలు. వేర్వేరు దినములలో కొలిచినను పైయంకె 140 గాని, క్రిందియంకె 90 గాని అందుకొనుచుండినచో అధిక రక్తపోటని సాధారణముగ నిర్ణయింతురు. ఇది యేండ్లతరబడి నిలిచినచో గుండె, మెదడు, మూత్రపిండములు, కన్నులు చెడును. తలనొప్పి లేదు గనుక రోగము లేదనుట సరికాదు. పెక్కుమందికి ఏ గురుతును కనబడదు. కాయకష్టము చేయువారికిది రాదను నమ్మకమును నిలువదు. కష్టము దేహమునకు మేలే కాని, అది కొలతకు బదులు కాజాలదు.

చేతికి పట్టీ చుట్టి కొలుచు సాధనమును ఇటలీ దేశపు వైద్యుడు రివా-రోచ్చి 1896లో వెల్లడించెను. నేడది ప్రాథమికారోగ్య కేంద్రములలో నున్నది. ముప్పదియేండ్లు దాటినవారికి ప్రభుత్వ కార్యక్రమము క్రింద ఈ పరీక్ష ఉచితము. కొలతకు ముందు అరగంటసేపు బీడీ, కాఫీ, టీ మాని, అయిదు నిమిషములు నెమ్మదిగ కూర్చుండవలెను.

మాత్రలచే అంకె దిగినంతనే రోగము పోయినదని వానిని మానువారు పలువురు. కట్ట నిలిచినదని దానిపై పోసిన మట్టిని త్రవ్వివేయువాడుండునా? వైద్యుని యడుగక మాత్రలు మానరాదు. ఒళ్లునొప్పులకు అంగడిలో కొని మ్రింగు మాత్రలలో కొన్ని రక్తపోటును పెంచును. ఉప్పు దినమునకు అయిదు గ్రాములకు, అనగా ఒక చిన్న చెంచాకు, మించరాదు. ఊరగాయ, అప్పడము, ఎండుచేపలలోని ఉప్పును ఈ లెక్కలోనిదే.

అంకెలు 180, 120 లను దాటినచో, కొంతసేపు ఊరకుండి మరల కొలిపించుకొనవలెను. అప్పటికిని దిగనిచో ఆనాడే వైద్యుని చూడవలెను. ఛాతినొప్పి, ఆయాసము, చూపు మందగించుట తోడైనను, మూతి వంకరపోయినను, ఒకవైపు చేయి గాని కాలు గాని పట్టుతప్పినను, మాట తడబడినను, కొలతకై నిలువక వెంటనే 108కి ఫోను చేయవలెను. పక్షవాతమున రక్తపుగడ్డను కరగించు మందు సాధారణముగ నాలుగున్నర గంటలలోపలనే ఈయదగినది. కావున గురుతులు మొదలైన వేళను జ్ఞాపకముంచుకొని వైద్యునకు చెప్పవలెను. గర్భిణులకు తీవ్రమైన తలనొప్పియు, చూపు మసకయు కలిగినచో జాగు చేయరాదు.

ఇది సహకార సంఘమునకు సంబంధింపని విషయమని కొందరనవచ్చును. మేమట్లు తలంపము. పక్షవాతము వచ్చిన యింట సేద్యము చేయు చేయియు, అప్పు తీర్చు చేయియు ఒక్కసారే పడిపోవును. పొలము బాగుకై అప్పిచ్చు సంఘము, ఆ పొలమును దున్నువాని బాగును తనది కాదనరాదు. కావున పంట ఋణములిచ్చు దినములందును, సర్వసభ్య సమావేశ దినమందును ఆరోగ్యకార్యకర్తను పిలిపించి, స్త్రీ పురుష సభ్యులెల్లరకు రక్తపోటు కొలిపించి, అంకెలను చిన్న చీటిపై వ్రాయించి వారికే యిప్పించవలెనని పాలకవర్గములకు మనవి చేయుచున్నాము. ఇందులకు సంఘమున కగు వ్యయము స్వల్పము. సభ్యులును, రోగము తమకు లేదని తలంచువారే ముందుగ, చేయి చాచి కొలిపించుకొందురుగాక.