స్వయంచాలక ప్రసారమా? ఆటో గేరుబాక్సా?



ఆంగ్లపదం కనబడగానే నిఘంటువులోని మొదటి అర్థాన్ని తెచ్చి అతికించే అలవాటు మనలో బలపడుతున్నది. 'ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్'ను 'స్వయంచాలక ప్రసారం' అనడం అందుకు తగిన ఉదాహరణ. తెలుగువాడికి ప్రసారమంటే ఆకాశవాణి. కారు బానెట్టు కింద వార్తలు చదివేవారెవరూ ఉండరు. అక్కడ జరిగేది ఇంజను బలం చక్రాలకు చేరడం, వేగాన్నీ బరువునూ బట్టి గేరు తనంతట తానే మారడం. దీనిని 'ఆటో గేరుబాక్సు' అంటే కలికిరిలోనైనా, కుప్పంలోనైనా షెడ్డులోని కుర్రవాడికి కూడ తెలుస్తుంది. నా అభిప్రాయంలో అదే సరైన తెలుగు.

ఇది కేవలం పండితుల పేచీ కాదు. మాట మసకబారితే పని కూడ చెడుతుంది. మన పాత తరం మెకానిక్కులకు గురుకులం అంబాసిడరు, ప్రీమియర్ పద్మిని. వాటిలో కాలితో తొక్కే క్లచ్చు ఉండేది. ఇంజను గోలపెడుతున్నా బండి లాగకపోతే క్లచ్చు ప్లేటు అరిగిందని తీర్మానించేవారు. ఆ తీర్మానం తరచు నిజమయ్యేది. జనరల్ మోటార్స్ వారు 1940 నమూనా ఓల్డ్స్‌మొబీల్ కార్లతో విరివిగా అమ్మకానికి తెచ్చిన ఆటో గేరుబాక్సుల సంగతి వేరు. అక్కడ ఇంజనుకూ గేర్లకూ నడుమ వారధి ఆయిలే. రెండు ఫ్యానులను ఎదురెదురుగా పెట్టి ఒకదానిని తిప్పితే, ఆ గాలికి రెండవది తిరిగినట్లు, ఒక చక్రం విసిరిన ఆయిలు ఇంకొక చక్రాన్ని తిప్పుతుంది. లోపలి క్లచ్చులను బిగించేదీ ఆయిలు ఒత్తిడే. కనుక పై లక్షణమే కనిపించినా, కారణం ఆయిలు తగ్గడం మాత్రమే కావచ్చు. అది తెలియక పెట్టె విప్పితే యజమాని జేబు ఖాళీ. దొరకని విడిభాగాల కోసం బండి ఏళ్ళ తరబడి షెడ్డుకే అంకితం.

వ్యాకరణంలో వలె ఇక్కడా సూత్రక్రమం పాటించవలె. మొదట ఆయిలు. బండి సమతలంపై నిలిచి, ఇంజను వేడెక్కి, తిరుగుతుండగానే చూడవలె. లివరు చాలా బళ్ళలో 'పార్కు'లో, కొన్నింటిలో 'న్యూట్రల్'లో ఉండాలి, కంపెనీ పుస్తకమే ప్రమాణం. ఎర్రగా ఉంటే మేలు. నల్లబడి మాడు వాసన వేస్తే లోపలి క్లచ్చులు కాలినట్లు. పాలు కలిపినట్లుంటే నీరు చేరినట్లు. రేడియేటరులోని ఆయిల్ కూలరును అనుమానించాలి. నేలపై చుక్క పడకుండానే ఆయిలు తగ్గుతూ, సైలెన్సరు తెల్లని పొగ విడిస్తే, వాక్యూం మాడ్యులేటరు ఉన్న బళ్ళలో దాని పొర చిరిగి ఇంజను ఆ ఆయిలును పీల్చుకొంటున్నదేమో చూడాలి. అది పెట్టె విప్పకుండానే మార్చదగిన చిన్న భాగం. చెడిన ఆటో బండిని తాడు కట్టి దూరం ఈడ్పించరాదు. ఇంజను ఆగితే ఆయిలు పంపూ ఆగుతుంది. చక్రాలతో పాటు తిరిగే భాగాలు పొడిగా ఒరుసుకొంటాయి. లారీపై ఎక్కించి తేవడమే క్షేమం.

ఇంత చెప్పడానికి కొత్త సంస్కృత సమాసమొక్కటీ అవసరపడలేదని గమనించగలరు. 'వాక్యూం మాడ్యులేటరు'ను అనువదిస్తే దుకాణంలో ఆ భాగం అడిగే దారే మూసుకుపోయేది. అన్యదేశ్యాలు చేరితే తెలుగు చెడదా అని కొందరు మిత్రుల బాధ. నామవాచకం అప్పు తెచ్చుకొన్నా క్రియ మనదే కదా! గేరు 'జారుతున్నది', బండి 'కుదుపుతున్నది', గేరు 'పట్టడానికి' ఆలస్యమవుతున్నది: ఈ మూడూ మూడు వేర్వేరు రోగలక్షణాలు. భాష ప్రాణం ఆ క్రియలలో ఉన్నది.

తెలుగు కుటుంబంలో పుట్టిన కోయంబత్తూరు జి.డి. నాయుడు గారి వారసత్వంగా అక్కడ 2015లో పాతకార్ల మ్యూజియం వెలసింది. కార్లు భద్రమైనవి. వాటిని బాగుచేసిన చేతుల మాటలకు మాత్రం మ్యూజియం లేదు. ఒక్కొక్క ముసలి మెకానిక్కుతో అవి కనుమరుగవుతున్నాయి. అనువాదాలు కల్పించే శ్రమలో సగం వెచ్చించి, మీ ఊరి షెడ్డులో ఒక పూట కూర్చొని, వినిపించిన మాటలను వినిపించినట్లే రాసి ఉంచండి. యూనికోడు మనకు చేతికందినందుకు అంతకన్న మంచి ప్రయోజనం నాకు తోచడం లేదు.