గాలిపై నడచు చేయి

శ్రుతి చేసికొనుటకే సగము కచేరీ గడచినదని వైణికుని పరిహసించువారు ఎప్పుడును ఉందురు. గ్రామఫోను చేతిని గాలిపై నిలిపి, ఇంటిలోనే దానికి మార్పులు చేర్పులు చేసికొనుచుండు అభిరుచిపరులకును నేడు ఆ పరిహాసమే తగులుచున్నది. ఒక్క పాట వినుటకు గాలిపంపు, మూరలకొలది గొట్టములు, గాలిని నిలువచేయు పీపా, తాపీపనివాని రసమట్టము - ఇన్నియు కావలెనా? ఇది కొండను త్రవ్వి ఎలుకను పట్టుట కాదా? ప్రశ్న సహజమే. కాని తీర్పు చెప్పుటకు ముందు ఆ ఎలుక యెట్టిదో చూడవలసియున్నది.

రికార్డును కోయు యంత్రములో కత్తి అంచునుండి నడిమికి సరళరేఖలో ప్రయాణించును. వినిపించు యంత్రములో చేయి ఒక కీలుపై తిరుగును గనుక ముల్లు చాపమును గీయును. వ్రాసినవాని దారి యొకటి, చదువువాని దారి యొకటి. ఈ చిక్కు నూరేండ్లుగా తెలిసినదే. 1924లో పెర్సీ విల్సన్ దీనికి లెక్క కట్టెను. 1938లో లోఫ్‌గ్రెన్, 1941లో బేర్వాల్డ్ ఆ లెక్కను శాస్త్రీయముగా స్థిరపరచిరి. చేతిని కొంత వంచి, ముల్లు నడిమి ఇరుసును కొద్దిగా దాటునట్లు అమర్చినచో రెండు చోట్ల దోషము పూర్తిగా పోవును. తక్కినచోట్ల సుమారు రెండు డిగ్రీలకు మించదు. అయితే చేతిని వంచినందున మరియొక బాధ పుట్టును. తిరుగు రికార్డు ముల్లును లోపలివైపునకు లాగును. ఆ లాగుడు ముల్లుపై నుంచిన బరువులో ఇంచుమించు పదవవంతుండును. దానికి విరుగుడుగా తీగచుట్టనో చిన్న బిళ్ళనో వ్రేలాడదీయుదురు.

పన్నెండంగుళముల లాంగ్ ప్లే రికార్డులో అంచు గాడి సెకనుకు 51 సెంటీమీటర్లు పరుగెత్తగా, చివరి గాడి 21 సెంటీమీటర్లు మాత్రమే నడచును. అనగా, అదే శబ్దము సగముకన్న తక్కువ చోటులో ఇరుకుకొనియుండును. అచ్చట దారి తప్పిన ముల్లు చేయు అపశ్రుతి చెవికి స్పష్టముగా తగులును. పాశ్చాత్యుల సింఫనీలలో ఘట్టము పతాకస్థాయి నందుకొనునది పెక్కుసారులు ఆ చివరనే. గాయకుని గొంతు విచ్చుకొను తరుణములో యంత్రపు గొంతు బొంగురుపోయినచో, ఆ ఎలుక చిన్నదనుటకు వీలులేదు.

ఈ దోషమును వేరుతో పెరుకుటకు చేసిన ప్రయత్నములలో గాలి బేరింగు చేయి ఒకటి. ముల్లును మోయు సన్నని కడ్డీ, వెంట్రుక మందమునకు మించని సందులో ఊదబడు గాలిపై తేలుచు, అంచునుండి నడిమికి తిన్నగా జరుగును. కీలు లేదు, వంపు లేదు, లోపలికి లాగుడు లేదు. అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రమునందలి ఎమినెంట్ టెక్నాలజీ వారు 1980ల దశకములో చేసిన రెండవ నమూనా చేతితో ఈ పద్ధతి సామాన్య గృహస్థుల యిండ్లకును చేరెను. దానిని కొన్నవారు ఇంటనే అనేక మార్పులకు గురిచేసిరి, నేటికిని చేయుచున్నారు.

ఇచ్చటనే అసలు పరీక్ష మొదలగును. గాలిపై తేలు వస్తువునకు పట్టుదప్పిన నేల చాలును. జరుగు భాగము బరువు 30 గ్రాములనుకొందము. 300 మిల్లీమీటర్ల పొడవున ఒక్క మిల్లీమీటరు వాలు ఉన్నచో, గ్రాములో పదవవంతు బలము దానిని ప్రక్కకు త్రోయుచుండును. వాలు రెండు మిల్లీమీటర్లైనచో ఆ త్రోపు రెట్టింపగును. రెండు గ్రాముల బరువుతో నడచు ముల్లునకు అది పదవవంతు; ఏ బాధను వదలించుకొనుటకు వంపుచేతిని విడిచిరో ఆ బాధయే! ఇంత ధనము పోసి, ఇంత గాలి ఊది, రసమట్టము సరిగా చూడనివాడు వదలిన దోషమునే వేరు దారిని ఇంటికి తెచ్చుకొనుచున్నాడు. ముల్లునుండి వచ్చు సన్నని తీగలు బిగిసియున్నను ఇదే ఫలితము కలుగును.

గాలి విషయమును అట్టిదే. చేపలతొట్టెకు వాడు చిన్న పంపులో పొర సెకనుకు 50 సారులు కొట్టుకొనును. ఆ దడ గొట్టమువెంట చేతిని చేరి ముల్లును వణకించును. మధ్య ఒక పీపానుంచినచో దడ అణగి గాలి నిలకడగా వచ్చును. ఈ పీపాను ప్లాస్టిక్ గొట్టముతో ఇంటనే చేసికొనువారున్నారు. తక్కువ పీడనమునకది చెల్లును గాని, పెద్ద కంప్రెసరునకు తగిలించినచో ఆ గొట్టము పగిలి ముక్కలు ఎగిరిపడగలవు. విశాఖపట్టణమువంటి సముద్రతీరమున ఉండువారికి మరియొక జాగ్రత్త: ఒత్తిన గాలిలోని తేమ చల్లబడి నీరగును. ఆ నీటిని, ధూళిని, నూనెను మధ్యలోనే పట్టి ఆపనిచో బేరింగు రంధ్రములు పూడుకొనిపోవును.

మార్పులలో మిక్కిలి ఆలోచింపదగినది వెనుకనుండు ప్రతితూకపు బిళ్ళ. తక్కెడ న్యాయము ప్రకారము 5 సెంటీమీటర్ల దూరమున 20 గ్రాములుంచినను, 10 సెంటీమీటర్ల దూరమున 10 గ్రాములుంచినను తూకమొక్కటే. కాని ఈ చేయి అడ్డముగా జరుగునప్పుడు ముల్లు దాని బరువు నంతటిని లాగవలెను. నడిమి రంధ్రము కొంచెము తప్పిన రికార్డైనచో ప్రతి చుట్టునను ఇటునటు ఈడ్వవలెను. కనుక తేలిక బిళ్ళను దూరముగా నుంచినచో ముల్లునకు 10 గ్రాముల భారము తగ్గును. సంతోషమే. కాని అదే మార్పువలన బిళ్ళకు పైకి క్రిందికి ఊగుటయందుండు జడత్వము రెట్టింపగును. వంకర తిరిగిన రికార్డుపై అది కీడు చేయవచ్చును. పద్యపాదమున నొక లఘువును గురువుగా మార్చినచో గణమంతయు చెదరినట్లు, ఇచ్చట ఒకటి కదపినచో వేరొకటి కదలును.

దీనినిబట్టి తేలుచున్నదేమి? గాలి బేరింగు దోషరహితమన్నది అతిశయోక్తి. అది ఒక దోషమును పోగొట్టి, దాని స్థానమున పెక్కు బాధ్యతలను యజమాని నెత్తిన పెట్టును. ఆ బాధ్యతలను మోయని వానియింట, చక్కగా అమర్చిన మామూలు కీలుచేయియే మేలు. మోయగలవాడు మాత్రము పరిహాసపాత్రుడు కాడు. తంబురా గుర్రముపై తీగక్రింద దూర్చిన నూలుపోగును రవ్వంత జరుపుచు, నాదము జీవము పోసికొనువరకు చెవి యొగ్గి వేచియుండువానిని ఎవరును పిచ్చివాడనరు. ఇతడు చేయునదియు అదియే.

అయితే ఇతనికొక ధర్మమున్నది. రికార్డు పుస్తకమువంటిది కాదు. చదివినప్పుడెల్ల వజ్రపు ముల్లు దానిని కొంత అరగదీయును. తప్పుగా నడచిన ముల్లు చెరిపిన దానిని మరల ఎవ్వరును వ్రాయలేరు. తెలుగువారి యిండ్ల అటకలమీద ఘంటసాల రికార్డులు నేటికిని కొన్ని మిగిలియున్నవి. 1974లో మూగవోయిన ఆ గొంతు పలికిన గాడులపై ప్రయోగములు చేయుట తాళపత్రముపై కత్తికి పదును చూచుకొనుట వంటిది. ప్రయోగము పనికిరాని రికార్డుపై చేయవలెను. ఒక సారికి ఒక్క మార్పే చేయవలెను. పూర్వస్థితిని కాగితముపై వ్రాసియుంచుకొని, మేలు కనబడనిచో వెనుకకు మరలవలెను. క్రొత్తదనమును మేలని భ్రమించు చెవియే ఇందులో పెద్ద శత్రువు.

అన్నింటికన్న ముఖ్యమైనది ఆగుట. చేతిని సవరించుటకే ప్రతి సాయంకాలమును వెచ్చించి, పాటను పాటగా విననివాడు వంట రుచి చూచుచునే ఆకలితో లేచిపోవువాడు. నిజమైన వైణికుడు శ్రుతి చేయుటలో ఎంత పట్టుదల చూపునో, చేసిన పిమ్మట దానిని మరచుటలోను అంత నేర్పు చూపును. శ్రుతి కుదిరినంతనే బిరడలను వదలి తీగలపై చేయి వేయును.