పిలుపు ఆపితే వాపు ఆగుతుందా?

మన 17వ క్రోమోజోము మీద సీసీఎల్-2 అనే చిన్న జన్యువొకటి ఉంది. దాని నుంచి తయారయ్యే ప్రొటీనులో ఉండేవి 76 అమైనో ఆమ్లాలే. 1989లో ఈ ప్రొటీను శాస్త్రజ్ఞుల చేతికి చిక్కింది మొదలు కీళ్లవాతం, గుండెజబ్బు, క్యాన్సర్... ఏ రోగం మీద పరిశోధన జరిగినా ముద్దాయిల జాబితాలో దీని పేరు చేరుతూనే వచ్చింది. దీని నోరు మూయిస్తే వాపు రోగాలు దారికొస్తాయన్న ఆశ మందుల పరిశ్రమలో బలపడింది అందుకే. ఆ ఆశకు పునాదిలోనే పొరపాటు ఉంది. ఇది వాపు పుట్టించే జన్యువు కాదు, కణాలను దారి నడిపించే జన్యువు. ఎప్పుడు, ఎక్కడ, ఎంత పలికిందన్న దాన్ని బట్టే దాని మంచి చెడులు తేలతాయి.

కాలిలో ముల్లు విరిగి సూక్ష్మజీవులు లోపలికి చేరాయనుకుందాం. ఆ చుట్టుపక్కల కణాలు సీసీఎల్-2ను వదులుతాయి. అది రక్తనాళం లోపలి గోడ మీది చక్కెర గొలుసులకు అతుక్కుని నిలుస్తుంది. గోడ వెంట దొర్లుతూ వచ్చే మోనోసైట్లనే తెల్ల రక్తకణాలు తమ ఒంటి మీది సీసీఆర్-2 గ్రాహకంతో దాన్ని పసిగట్టి, ఆగి, కణాల సందుల్లోంచి దూరి గాయం చేరతాయి. అక్కడ మాక్రోఫేజులుగా మారి సూక్ష్మజీవులను మింగుతాయి, చచ్చిన కణాలను ఊడ్చేస్తాయి. అసలు ఎముక మజ్జలోంచి మోనోసైట్లు రక్తంలోకి దిగాలన్నా ఈ గ్రాహకం కావలసిందే. ఇదే పిలుపు ధమని గోడలో కొవ్వు పేరుకున్న చోట ఏళ్ల తరబడి ఆగకుండా మోగితే పూడిక పెరుగుతుంది. 1998లో ఎలుకల్లో ఈ జన్యువును తీసేసి చూస్తే ఆ పూడిక బాగా తగ్గింది. ఆశకు అసలు ఊపిరి పోసింది ఆ ఫలితమే.

మనుషుల దగ్గరికి వచ్చేసరికి కథ అడ్డం తిరిగింది. కీళ్లవాతం రోగులకు సీసీఎల్-2ను పట్టుకునే యాంటీబాడీ ఇచ్చి చూశారు. 2006లో వెలువడ్డ ఫలితాల్లో మేలు కనబడలేదు. ప్రొస్టేట్ క్యాన్సర్‌లో అలాంటిదే మరో యాంటీబాడీ కార్లుమాబ్ ఇస్తే స్వేచ్ఛగా తిరిగే సీసీఎల్-2 మొదట తగ్గి, త్వరలోనే మందు ఇవ్వకముందు కంటే పైకి పోయింది. 2014లో ఎలుకల రొమ్ము క్యాన్సర్ మీద జరిగిన ప్రయోగం ఇంకా కలవరపెట్టింది: ఇలాంటి మందును మధ్యలో ఆపేస్తే, మజ్జలో ఆగిన మోనోసైట్లు ఒక్కసారిగా బయటపడి క్యాన్సర్ వ్యాప్తి ముమ్మరమైంది. ప్రపంచ క్షయ రోగుల్లో దాదాపు నాలుగో వంతు ఉన్న మన దేశానికి సంబంధించిన చిక్కు మరొకటుంది. ఈ జన్యువు ముందుభాగంలో ఒక అక్షరం తేడా ఉన్నవారికి టీబీ ముప్పు ఎక్కువని 2005లో మెక్సికో, కొరియా ప్రజల అధ్యయనం చెప్పింది. ఘనాలో రెండు వేల మందికి పైగా రోగులను పరీక్షిస్తే అదే తేడా రక్షణ ఇస్తున్నట్టు తేలింది. ఇలాంటి ఒక్క అక్షరాన్ని చూసి ‘మీ రోగనిరోధక శక్తి ఇంత’ అని జాతకం చెబితే నమ్మడమెలా?

సీసీఎల్-2లా కణాలను పిలిచే ప్రొటీన్లను కీమోకైన్లంటారు. ఆ దారుల్లో పనిచేసే మందులు అసలు లేవా అని అడగవచ్చు. ఉన్నాయి. హెచ్ఐవీకి మారావిరాక్, మూలకణాల మార్పిడికి ప్లెరిక్సఫర్ ఆమోదం పొందాయి. అయితే మొదటిది వైరస్ లోపలికి వచ్చే తలుపు మూస్తుంది, రెండోది మజ్జలోని మూలకణాలను సేకరణ కోసం కొద్ది రోజులు రక్తంలోకి దించుతుంది. ఏళ్ల తరబడి సాగే వాపును అణచడం ఈ రెంటి పనీ కాదు. ఒక కీమోకైన్‌ను ఆపితే దాని పని మరొకటి అందుకుంటుంది గనుక గ్రాహకాన్నే మూయాలన్న వాదనలో బలం ఉంది. సీసీఎల్-2 లేని ఎలుకలు క్షయను తట్టుకున్నాయి కూడా. కానీ సీసీఆర్-2 లేని ఎలుకలు పెద్ద మోతాదు క్షయ క్రిములు సోకితే త్వరగా చనిపోయాయి. కనుక క్షయ విస్తారంగా ఉన్న చోట ఇలాంటి మందును పరీక్షించేటప్పుడు కీళ్ల నొప్పి ఎంత తగ్గిందో కొలిస్తే చాలదు. లోపల నిద్రాణంగా ఉన్న టీబీని ముందే వెతకాలి, మందు ఆపాక కూడా రోగిని నెలల పాటు గమనించాలి.