మొదటి నవల అచ్చు వేయిస్తున్నారా? డబ్బు కట్టకముందే ఇది చదవండి

రాజమహేంద్రవరంలో, కోనసీమలో, కొవ్వూరు, నిడదవోలు వైపు నవలలు రాస్తున్నవాళ్లందరికీ ఇది హెచ్చరిక. అచ్చు పేరుతో గానీ, ప్రచారం పేరుతో గానీ, పురస్కారం పేరుతో గానీ ఎవరైనా మిమ్మల్ని డబ్బు అడిగితే ఆ రోజున ఇవ్వకండి. 2027లో గోదావరి పుష్కరాలు. ఆలోగా పుస్తకం బయటికి రావాలన్న ఆత్రం రాసేవాళ్లకు సహజం. ఆ ఆత్రాన్ని సొమ్ము చేసుకునేవాళ్లూ తయారవుతారు. అందుకే ఇంత ముందుగా చెబుతున్నాం.

పద్ధతి ఎప్పుడూ ఒకటే. నవల పూర్తయిందని ఫేస్‌బుక్‌లో రాసుకున్న నాలుగు రోజులకు వాట్సాప్‌లో అభినందన వస్తుంది. మీ రచన జాతీయ స్థాయి పురస్కారానికి ఎంపికైందంటారు. శాలువా, జ్ఞాపిక, ఫోటోలు అన్నీ వాళ్లే చూసుకుంటారట, మీరు రిజిస్ట్రేషన్ రుసుం మాత్రం కట్టాలట. కిందనే క్యూఆర్ కోడ్. ఫోన్ చేసి నవలలో కథ ఏమిటో చెప్పమనండి. చదివినవాడు చెబుతాడు, చదవనివాడు తొందరపెడతాడు. మన రాజమహేంద్రవరంలోనే చిలకమర్తి లక్ష్మీనరసింహం గారి ‘రామచంద్ర విజయం’ 1894లో ‘చింతామణి’ పత్రిక పోటీలో బహుమతి తెచ్చుకుంది. బహుమతి అంటే రచయిత పుచ్చుకునేది, కట్టేది కాదు.

ఇంకో రకం వాళ్లు ప్రచురణకర్తలమని వస్తారు. ఐఎస్‌బీఎన్‌కు (పుస్తక గుర్తింపు సంఖ్యకు) ఇంత, ఆన్‌లైన్ అమ్మకానికి ఇంత, సమీక్షలకు ఇంత అని ప్యాకేజీ చూపిస్తారు. మన దేశంలో ఐఎస్‌బీఎన్ ఉచితం. కేంద్ర విద్యాశాఖ కింద పనిచేసే రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీకి రచయిత స్వయంగా దరఖాస్తు చేసుకోవచ్చు. ఉచితంగా వచ్చేదానికి వెల కట్టినవాడు మిగతా లెక్కలు సరిగ్గా చెబుతాడని ఎలా నమ్ముతాం?

సొంత డబ్బుతో అచ్చు వేయించుకోవడం తప్పని అనడం లేదు. ఎన్నో మంచి తెలుగు పుస్తకాలు అలాగే వచ్చాయి. వెయ్యి కాపీలు అచ్చయి ఇంటికొచ్చాక ఏమవుతుందో మాత్రం ముందే ఆలోచించుకోవాలి. పురికొస కట్టిన కట్టలు ఆటోలోంచి దిగుతాయి. ఆవిష్కరణ సభకు నాలుగు కట్టలు విప్పుతారు, వాటిలో చాలావరకు ఉచితంగానే పంచుతారు. మిగిలినవి మంచం కిందికి చేరతాయి. మన గోదావరి గాలిలోని చెమ్మకు రెండు వర్షాకాలాలు గడిచేసరికి అట్టలు పైకి లేస్తాయి, అంచుల్లో గోధుమరంగు మచ్చలు పడతాయి. షాపులకిస్తే నలభై శాతం దాకా కమీషన్, అదీ అమ్ముడైతేనే లెక్క. మూడొందల కాపీలు చాలు. అవి అయిపోతే మళ్లీ వేయించుకోవచ్చు, ఇప్పుడు ఆ సౌకర్యం ఉంది.

డబ్బు పోతే మళ్లీ సంపాదించుకోవచ్చు. మా అసలు భయం రెండో నవల గురించి. ఉద్యోగం, ఇల్లు పోగా రాసేవాడికి మిగిలేది తెల్లవారుజామున ఒకటిన్నర గంట. పుస్తకం వచ్చిన రోజు నుంచి ఆ గంటన్నర కొరియర్ చిరునామాలు రాయడానికి, పోస్టులకు జవాబులివ్వడానికి, ఎవరు సమీక్ష రాశారో వెతకడానికి పోతుంది. ఆదివారాలు సభలకు పోతాయి. ఏడాది తిరిగేసరికి మనిషి రచయితగా అందరికీ తెలుస్తాడు గానీ కొత్త పేజీ ఒక్కటీ ఉండదు. ప్రతిభ ఉన్నవాళ్లు ఇలా ఒక్క నవలతో ఆగిపోవడం చూస్తుంటే బాధగా ఉంది.

ప్రచారం వద్దని మన పెద్దలూ అనలేదు. కందుకూరి వీరేశలింగం ‘రాజశేఖర చరిత్రము’ను 1878లో తన ‘వివేకవర్ధిని’ పత్రికలో ధారావాహికగా పాఠకుల ముందుంచి, 1880లో పుస్తకం చేశారు. ముందు పాఠకులు, తర్వాత పుస్తకం. ఇప్పుడు ముందు పుస్తకం, తర్వాత సభ, పాఠకుడు ఎప్పుడొస్తాడో తెలియదు. చిలకమర్తి వారికి చిన్ననాటి నుంచే చూపు సరిగా లేదు, తర్వాత పూర్తిగా పోయింది. అయినా పత్రికలు నడిపారు, ప్రెస్సు పెట్టారు, బడి పెట్టారు, పక్కన ఒకరిని కూర్చోబెట్టుకుని చెప్పి రాయించారు. పని ఎంతున్నా రాత ఆగలేదు.

వాళ్ల ఇళ్ల సంగతీ మరిచిపోకూడదు. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో వీరేశలింగం గారు తొలి వితంతు వివాహం జరిపించినప్పుడు వెలికి జడిసి పనివాళ్లు మానేస్తే, ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ గారే గోదావరి నుంచి నీళ్లు మోశారు, వండి వడ్డించారు. మగాడి పెద్దపనికి ఇంట్లో ఆడమనిషి మూల్యం చెల్లించడం అప్పటి మాటే కాదు. ఆవిష్కరణ సభకు భార్య గాజులు తాకట్టు పెట్టకండి. పిల్లల ఫీజు డబ్బు ప్రెస్సుకివ్వకండి. రాసేది ఇల్లాలైతే ఆమెకు తెల్లవారుజామునే వంటింట్లో పని మొదలవుతుంది. ఆ గంటన్నర ఆమెకు దొరకాలంటే కాఫీ ఇంకొకరు పెట్టాలి, అంతే.

ఒప్పందం మీద సంతకం పెట్టేముందు ప్రతి పేజీ చదవండి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా, మీ సంతకంతోనే జరగాలి. ఎంతకాలమో రాయకపోతే అయిదేళ్లుగానే లెక్క. వేరే షరతు లేకుంటే, ఏడాదిలోపు వాళ్లు ఆ హక్కును వాడుకోకపోతే అది తిరిగి మీకే వస్తుంది. రచయిత బతికున్నంతకాలం, ఆ తర్వాత మరో 60 ఏళ్లు హక్కు ఉంటుంది. అంటే ‘సర్వహక్కులు శాశ్వతంగా’ అన్న ఒక్క వాక్యం మీ మనవల దాకా నష్టం చేస్తుంది. సినిమా, వెబ్ సిరీస్, ఆడియో, అనువాదం హక్కులు విడివిడిగా రాయించుకోండి. వాటి ఊసెత్తగానే విసుక్కునేవాళ్లకు రాతప్రతి ఇవ్వకండి.

రాతప్రతి ముందు నలుగురికి చదివించండి. రాజమహేంద్రవరం గౌతమీ గ్రంథాలయానికి రోజూ వచ్చే పాఠకులున్నారు, మీ వీధిలో నవలలు చదివే అమ్మమ్మలున్నారు. బాగోలేదని ముఖం మీదే చెప్పేవాళ్లు వాళ్లే. పుస్తకం వచ్చాక ప్రచారానికి వారంలో ఒక్క పూట కేటాయించండి, మిగతా రోజులు రాయండి.

ఇప్పటికే డబ్బు పంపి మోసపోయినవాళ్లు నలుగురికీ తెలుస్తుందని ఊరుకోవద్దు. సైబర్ నేరాల సహాయవాణి 1930కి వెంటనే ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే ఆ సొమ్మును బ్యాంకులో ఆపించే అవకాశం అంత ఎక్కువ. మెసేజ్‌లు, చెల్లింపు రసీదులు చెరిపేయకుండా దాచి ఉంచండి.